మెకంజీ చరిత్రభాండారము – కావలి సోదరులు

చరిత్రము వ్రాయఁబూనువానికిఁ బుస్తకములే మూలధనము. కాని పుస్తకముల సంఖ్య పెరిగినంతమాత్రమునఁ జరిత్రభాండారము సిద్ధింపదు. కావ్యములు గూర్చుకొనువాఁడు మంచి ప్రతిని వెదకినఁ జాలును. చరిత్రగ్రంథములు గూర్చుకొనువాఁడు సాక్షులను వెదకవలయును. ఒక సాక్షి చెప్పినదానిని మఱియొక సాక్షిచేఁ బరీక్షింప వీలగునట్లు వానిని జేర్పవలయును, ఏది యెచ్చట నెవరివలన లభించెనో వ్రాసియుంచవలయును, చదువఁగలవారిని సంపాదింపవలయును, తన యనంతరము కాపాడువారి నేర్పఱుపవలయును. ఈ నాలుగు ధర్మములలో మూఁడింటిని నెఱవేర్చి, నాలవదానియందుఁ గొఱఁతపడిన మహాసంచయ మొకటి దక్షిణదేశమునఁ బుట్టినది. దానిని గూర్చినవాఁడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆ కూర్పులోఁ దెలుఁగువారి పాలు మిక్కిలి గొప్పది.

మెకంజీ స్కాట్లాండునకుఁ జేరిన లూయిస్ ద్వీపమున స్టోర్నోవే పట్టణమువాఁడు. 1783లోఁ జెన్నపట్టణమునకు వచ్చి కుంపిణీవారి సేనలో ఇంజనీరుగాఁ గుదిరెను. హిందువుల గణితమును గూర్చి తెలిసికొనవలయునను కుతూహలము తొలుతనే యుండినను, పదుమూఁడేండ్లు యుద్ధములతోను గొలువుపనులతోను గడచిపోయెను. అతనికి దేశభాషలు రావు. ఎదుట నున్న తాళపత్రము సయితము మూఁగసాక్షియే. 1796లో సింహళదండయాత్రనుండి మరలివచ్చిన పిదప, ఏలూరునకుఁ జెందిన నియోగి కుటుంబములోని కావలి వెంకట బొర్రయ్య యను యువకుఁడు లభించెను. భారతీయవిద్యల వాకిటఁ దనకుఁ దొలియడుగు వేయించినవాఁ డాతఁడే యని 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో మెకంజీయే యంగీకరించియున్నాఁడు.

గ్రామములలోని తామ్రశాసనములును దండకవిలెలును మాన్యములు గలవారికిఁ బ్రాణతుల్యములు. దొర యడుగుచున్నాఁడన్న శిస్తు పెంచుటకో మాన్యము దీయుటకో యని శంకించి వారు వానిని దాఁచుకొనెడివారు. ఆ శంకను బాపుటకు వారి భాష యెఱిఁగి వారి మర్యాద నెఱిఁగినవారే కావలయును. అసలు ప్రతి నీయనివారియొద్ద నకలు వ్రాయించుకొనుట పద్ధతి యయ్యెను. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప మైసూరు రాజ్యమును గొలుచు పని మెకంజీకి లభింపఁగా, కొలతగొలుసుతోఁ బాటు కలమును గంటమును గ్రామగ్రామమునకుఁ బోయెను. హళగన్నడశాసనములు చదువుటకు ధర్మయ్య యను జైనపండితుఁడు తోడ్పడెను. 1803లో బొర్రయ్య పిన్నవయసుననే మృతినొందఁగా, నతని సోదరుఁడు లక్ష్మయ్య యా భారము వహించెను. మఱియొక సోదరుఁడు రామస్వామియు నీ పనిలోఁ బాల్గొని, 1829లో దక్షిణదేశకవుల చరిత్రము నింగ్లీషున వెలువరించెను.

ఇట్లు చేరినవానిలోఁ దెలుఁగుదేశమునకు మిక్కిలి విలువగలవి గ్రామకైఫీయతులు. ఊరు గట్టినవాఁ డెవఁడు, ఎల్ల లెవ్వి, చెఱువు త్రవ్వించిన దెవరు, దేవాలయమున కిచ్చిన మాన్యమెంత, కరణీకపు మిరాశి యే కుటుంబమువారిది, ఆ సీమను వరుసగా నెవరెవ రేలిరి యను సంగతులు కరణములు చెప్పఁగా వినియు, కవిలెలు చూచియు వ్రాయించిన వివరములివి. వ్రాయింపకున్నచో నా మాటలు చెప్పినవారితోనే నశించెడివి. ఉన్న పుస్తకములను దెచ్చుటయే కాక, లేని పుస్తకమును బుట్టించుటయు గ్రంథసంచయనమే యని యిందువలనఁ దేలుచున్నది.

కైఫీయతును యథాతథముగ నమ్మరాదు. ముక్కంటి మహారాజు దానములతోఁ బ్రారంభమగు వృత్తాంతములు పెక్కులు గలవు. మిరాశి నిలువఁబెట్టుకొనఁ గోరు కుటుంబము తన ప్రాచీనతను బెంచి చెప్పుకొనుట సహజము. అట్టిచోఁ గాలనిర్ణయమునకు శాసనమే శరణ్యము. శాసనము శకవర్షమును దాత పేరును బిరుదములను జెప్పి యూరకుండును. కరవు వచ్చి యూరు పాడైన సంగతియు, మరలఁ గట్టిన సంగతియు, ఎల్లల తగవును గైఫీయతునుండి తెలియును. మెకంజీ రెండు తెగల సాక్షులను నొక్కచోటఁ జేర్చుటవలననే యొకదానిచే మఱియొకదానిని దిద్దుకొన వీలగుచున్నది.

చిత్రములును సాక్షులే. అమరావతీస్తూపమును మెకంజీ తొలుతఁ జూచినది పదునెనిమిదవ శతాబ్దాంతమున. 1816లో మరల వచ్చి తన చిత్రకారులచేత శిల్పములను వ్రాయించెను. ఆ ఫలకములలోఁ గొన్ని పిదప నశించెను. వాని రూపము నేఁడు చిత్రములందే మిగిలియున్నది.

ఈ సంచయము పరిమాణమును హెచ్. హెచ్. విల్సన్ కలకత్తాలో 1828లోఁ బ్రకటించిన రెండు సంపుటముల వివరణపట్టిక తెలుపును: గ్రంథములు 1,568, స్థానికవృత్తాంతములు 2,070, శాసనముల నకళ్లు 8,076, అనువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. ఒక్క యధికారి తన కొలువుపనుల నడుమఁ గూర్చిన దింత.

ఐనను గూర్చినవాఁడు దాని పట్టికను జూడలేదు. 1815లో మెకంజీ భారతదేశమునకంతకు సర్వేయర్ జనరల్ అయ్యెను. పిదపఁ దన సంచయముతోఁ గలకత్తా చేరి, 1821 మే 8వ తేదీని మృతినొందెను. కుంపిణీవారు లక్షరూపాయలిచ్చి యాతని భార్యయొద్ద దానిని గొనిరి. పట్టిక వ్రాసిన విల్సన్ సంస్కృతమున దిట్టయే కాని ద్రావిడభాష లెఱుఁగఁడు. తెలుఁగు, అఱవము, కన్నడములలోని గ్రంథముల విషయమునఁ బండితులు వ్రాసియిచ్చిన సారాంశములే యాతని కాధారములు. పిదప సంచయము విడిపోయెను. కొంతభాగము లండనునకుఁ బోయెను. దక్షిణభాషలలోని ప్రతులు పెక్కులు చెన్నపట్టణమునకు మరలెను. విలియం టెయిలరు 1838 ప్రాంతమునఁ బరిశీలించునాఁటికే కొన్ని ప్రతులు పురుగులపాలై శిథిలములగుచుండెను. సి. పి. బ్రౌను కైఫీయతులకు నకళ్లు వ్రాయించి సంపుటములు గట్టింపకున్నచో నష్ట మింకను హెచ్చెడిది.

ఇంతకంటె శోచనీయమైనది లక్ష్మయ్య వృత్తాంతము. మెకంజీ మరణానంతరము తాను సంచయనమును గొనసాగింతునని యాతఁడు ప్రభుత్వమును వేఁడుకొనెను. ఆ విషయమునఁ గలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి యభిప్రాయ మడుగఁబడెను. 1836 ప్రాంతమున జేమ్స్ ప్రిన్సెప్ మొదలగువారు, శాసనముల బలాబలములు తూఁచి పనిని నడిపించు నాయకత్వమున కాతఁడు తగఁడని తేల్చిరి. శాసనవిమర్శ మప్పటి కింకను శైశవావస్థయం దుండెననుట నిజమే. కఠినమైన పరీక్ష కావలయుననుటయు న్యాయమే. కాని ముప్పదియేండ్లకు మించి యే సాక్షి యే యూరివాఁడో, ఏ ప్రతి యెవరి యింటిదో యెఱిఁగినవానిని విడిచి, యాతనికి దీటైనవాని నెవ్వరిని నియమింపకుండుటచే నా పని యాఁగిపోయెను. పుస్తకములు మిగిలినవి, వాని జాడ లెఱిఁగిన మనుష్యుని జ్ఞానము మిగులలేదు.

ఆ సంచయము వ్యర్థము కాలేదు. 1946లో మదరాసు విశ్వవిద్యాలయము ప్రకటించిన విజయనగరచరిత్రాధారముల సంపుటములలో నేలటూరి వేంకటరమణయ్య, నీలకంఠశాస్త్రి గార్లు కైఫీయతులను విరివిగా నుపయోగించిరి. నూఱేండ్లు దాఁటిన పిదపఁ గరణముల మాట చరిత్రసభలో వినఁబడెను.

చరిత్రగ్రంథములను గూర్చుకొను ప్రతివానికి నీ వృత్తాంతము పాఠము వంటిది. లక్షరూపాయల సంచయమునకును, బాఠశాలాపండితుని యింటి యటుకమీఁది తాటాకుల కట్టకును ధర్మ మొక్కటియే. కట్టపైఁ బేరును, లభించిన యూరును, ఇచ్చినవారి పేరును వ్రాయుట యొక గడియ పని. వ్రాయకున్నచో మఱునాఁటితరమువారికి నూఱేండ్లకైనను దెలియదు. ఇంటనొక్కనికైనను దాని లిపి నేర్పుట రెండవ పని. ఈ రెండును జరిగినపుడే కూర్చినవాని శ్రమ వానితో నంతరింపక నిలుచును.