పెచ్చులుగా లేచే బండి రంగు – దాని వెనక నూరేళ్ళ కథ

ఈసారి పంట ముచ్చట కాదు, బండి ముచ్చట. పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

శంషాబాద్ నుంచి షాబాద్ దిక్కు పోయినా, మొయినాబాద్ దిక్కు పోయినా పదేళ్ళు దాటిన పికప్ బండ్లు ఊరూరా కనబడతాయి. తెల్లారకముందే కొత్తిమీర, పాలకూర, బంతిపూలు ఎత్తుకొని బోయిన్‌పల్లికో, గుడిమల్కాపూర్‌కో పోయేవి ఇవే. ఇంజిన్ గట్టిగానే ఉంటది. టాప్ మీద, బానెట్ మీద మాత్రం కంపెనీ రంగు అరచేయంత పెచ్చులుగా లేచిపోతది. "ఎండకు పోయిందిలే" అని పైపైన స్ప్రే కొట్టిస్తాం. రెండు ఎండాకాలాలు తిరగక ముందే కొత్త రంగు కూడా పాతదానితో కలిసి ఊడొస్తది. పెట్టిన పైసలు బూడిదలో పోసిన పన్నీరే.

మరి మన నాయనల కాలం లారీలకు ఈ రోగం ఎందుకు లేదు? ఆ రంగు వెలిసిపోయేది, చేయి పెడితే సుద్దలా అంటేది. కానీ ఇట్ల అట్టలు అట్టలుగా లేచేది కాదు. ఈ తేడా తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మొదట్లో మోటారు బండ్లకు గుర్రపు బగ్గీల రంగే వేసేవాళ్ళు. నూనె, వార్నిష్ కలిపిన రంగు, బ్రష్షుతో పూత మీద పూత. ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ కారు 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చిందని వినే ఉంటారు. చవక, గట్టిదనం, ఒకే రంగుతో పని సులువు, అదీ సంగతి. 1923లో డూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ తెచ్చింది. వారాల పని గంటల్లోకి దిగింది, రంగురంగుల బండ్లు రోడ్డెక్కినయి. తర్వాత సింథటిక్ ఎనామిల్ వచ్చింది.

మన దగ్గర నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆర్టీసీకి మూలం అదే. 1942లో హైదరాబాద్‌లో అల్విన్ పుట్టింది. ఫ్రిజ్‌లు, గడియారాలే కాదు, బస్సు బాడీలు కూడా కట్టిన కంపెనీ అది. లారీల సంగతి వేరు. కంపెనీ నుంచి ఛాసిస్ వచ్చేది, బాడీ మాత్రం మన ఊరి షెడ్లలో కట్టేవాళ్ళు. లప్పం పెట్టి, కాగితంతో రుద్ది, ఎనామిల్ కొట్టి, వెనక "హారన్ ఓకే ప్లీజ్" రాసేవాళ్ళు. ఆ రంగు మందంగా, ఒకే రకంగా ఉండేది. ఎండకు పైపైన అరిగేదే తప్ప ఎండ లోపలిదాకా దిగేది కాదు. నాలుగైదేళ్ళకోసారి రుద్ది మళ్ళీ వేయడం మామూలే.

1980లలో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు వచ్చినయి. డీసీఎం–టొయోటా, స్వరాజ్–మజ్దా, ఐషర్–మిత్సుబిషి, మన జహీరాబాద్‌లో అల్విన్–నిస్సాన్. డీసీఎం కంపెనీ బండి ఎప్పుడో ఆగినా, ఆ సైజు లారీ ఏ కంపెనీదైనా మనం ఇప్పటికీ "డీసీఎం" అనే అంటం. అల్విన్–నిస్సాన్ ప్లాంటు తర్వాత మహీంద్రా చేతికి పోయింది. రేకు క్యాబిన్‌కు ఫ్యాక్టరీలోనే రంగేసి అమ్మే చిన్న బండి అట్ల మన వాకిట్లకు అలవాటైంది.

ఇక ఫ్యాక్టరీ రంగు సంగతి. 1960లలో ఫోర్డ్ వాళ్ళు బాడీ మొత్తాన్ని రంగు తొట్టిలో ముంచి కరెంటు పంపే పద్ధతి తెచ్చిన్రు. దాన్ని ఈ–కోట్ అంటరు. రేకు సందుల్లోకి కూడా పోయి తుప్పును ఆపుతది. కానీ దానికి ఒక బలహీనత ఉంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది తట్టుకోదు. అందుకే దాని మీద ప్రైమర్ సర్ఫేసర్ అనే నడిమి పొర వేసి, ఆపైన రంగు, ఆపైన క్లియర్ కోట్ వేయాలి.

1980లలో అమెరికాలో కొన్ని ఫ్యాక్టరీలు ఈ నడిమి పొరను తీసేసినయి. ఈ–కోట్ మీద నేరుగా పల్చటి రంగు కొట్టిన్రు. ఎండ ఆ రంగులోంచి దూరి కింద ఈ–కోట్ పైభాగాన్ని పొడి చేసింది. పట్టు పోయింది, పైరంగంతా అట్టలుగా లేచింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ మూడింటి బండ్లకూ, అందులో పికప్‌లకూ ఇదే గతి. నీలం, బూడిద, వెండి రంగులకు దెబ్బ ఎక్కువ తగిలింది. 1990లలో కోర్టుల్లో దావాలు కూడా నడిచినయి. చివరికి తేలింది ఒకటే: పట్టు పోయిన పొరను మొత్తం తీసేసి, నడిమి పొరతో సహా మళ్ళీ వేస్తేనే రంగు నిలుస్తది.

మన బండి రోగం కూడా ఇదేనా? చూసి చెప్పొచ్చు. లేచిన పెచ్చు కింద ఏముందో చూడండి. తుప్పు లేకుండా నున్నటి బూడిదరంగు పొర కనబడితే ఇదే జబ్బు. కింద రంగు ఉండి, పైన తెల్లటి పొక్కులు, పల్చటి గాజు లాంటి పొర లేస్తే క్లియర్ కోట్ పోయినట్టు. కింద ఎర్రగా ఉంటే తుప్పే రంగును లేపుతున్నట్టు. అది రాయి తగిలిన చోట, రేకు అతుకుల దగ్గర, యూరియా బస్తాలు మోసే తొట్టి మూలల్లో మొదలైతది. టాప్, బానెట్ లేచి తలుపులు బాగుంటే ఎండ పనే అనుకోవచ్చు.

ఇంకో పరీక్ష. రంగు గట్టిగా ఉన్నట్టు కనబడే చోట బ్లేడుతో చిన్న గీతలు అడ్డంగా, నిలువుగా గీసి, గట్టి టేపు అంటించి ఒక్కసారి లాగండి. టేపుకు రంగు అంటుకొని వస్తే ఆ రేకు మొత్తం గీకాల్సిందే. రాకపోతే ఆ తలుపును ముట్టకండి, పైసలు మిగిలినట్టే.

మన నెత్తి మీదుగా ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలను చూడండి. వాటికి కొత్త రంగు వేసేటప్పుడు మామూలుగా పాతది తీసేసే వేస్తరు. ఒకటి బరువు పెరగొద్దని, రెండోది పట్టు కోసం. కుళ్ళిన గోడ మీద సున్నం నిలవదు కదా, ఇదీ అంతే.

పని వరుస ఇది: లేచిన రంగు పూర్తిగా గీకాలి. ఈ–కోట్ గట్టిగా ఉంటే నీళ్ళ కాగితంతో నున్నగా రుద్దాలి. రేకు బయటపడ్డ చోట తుప్పు తీసి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. రాత్రి మంచుకు వదిలేస్తే మళ్ళీ తుప్పు మొదలు. తర్వాత సర్ఫేసర్, రంగు, క్లియర్. షెడ్డు వాళ్ళతో బేరం "రంగుకు ఎంత" అని కాదు, "పాతది తీసి, ప్రైమర్, సర్ఫేసర్ వేయడానికి ఎంత" అని మాట్లాడండి. పాత బండికి అంత ఖర్చు దండగనిపిస్తే టాప్, బానెట్ వరకే చేయించండి. అదీ కుదరకపోతే గీకి, ప్రైమర్ కొట్టి, బ్రష్షుతో ఎనామిల్ వేసినా తుప్పు ఆగుతది. అందం తక్కువైనా రేకు బతుకుతది.

రంగు కంటే మనిషి ముఖ్యం. పాత బండ్ల పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో 2016లో వచ్చిన సీసం నిబంధన ఇంటి రంగులకు, అలంకరణ రంగులకే. అందుకే పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి, పిల్లల్ని దగ్గరికి రానియ్యకండి. హార్డ్‌నర్ కలిపే పీయూ రంగుల్లో ఐసోసయనేట్లు ఉంటయి. స్ప్రే కొట్టే పనివాళ్ళకు వాటి వల్ల ఆస్తమా వస్తది, మూతికి రుమాలు కడితే ఆగదు. ఆ పని సరైన మాస్కు ఉన్న షెడ్డుకే వదిలేయండి. మిథిలిన్ క్లోరైడ్ ఉన్న రంగు తీసే మందును మూసిన గదిలో వాడితే ప్రాణమే పోవచ్చు. అమెరికాలో 2019లోనే మామూలు జనానికి దాని అమ్మకం ఆపేసిన్రు.

గీకిన పొడి, మందు నీళ్ళు కాలువలో పారబోయకండి. మన మండలంలో చానా ఊళ్ళు హిమాయత్‌సాగర్ నీళ్ళొచ్చే దారిలోనే ఉన్నయి. ఆ చెరువు కోసమే 1996లో జీవో 111 తెచ్చిన్రు.

చివరి మాట: ఆర్సీలో రంగు రాసి ఉంటది. కాబట్టి అదే రంగు వేయించండి. మార్చాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. ఎండాకాలం రాకముందే ఓసారి మీ బండి టాప్ మీద టేపు పరీక్ష చేసి చూడండి. రూపాయి ఖర్చు కాదు, షెడ్డు వాళ్ళతో ఏం మాట్లాడాలో మీకే తెలుస్తది.