దాదిపరీక్షయు గృహపరీక్షయు

సొమ్ము దాచుటకు నమ్మకస్థుని వెదకువాడు పదిమందిని విచారించును. పసిబిడ్డ నప్పగించుటకు మనిషిని వెదకువాడు నూరుమందిని విచారించినను తప్పులేదు. తల్లిదండ్రు లిరువురును పనికి పోవలసిన యిండ్లలో నీ వెదకులాట తప్పనిసరి యైనది. అయితే యీ విచారణ యెప్పుడును ఒకవైపుననే సాగుచున్నది. వచ్చు మనిషి యెట్టిదని యింటివా రడుగుదురు. ఈ యిల్లెట్టిదని వచ్చు మనిషి యడుగుటకు వీలున్నదా యని తలపోయువారు తక్కువ. బిడ్డలను సాకుటకై యింట నుంచుకొనువారిని పూర్వులెట్లు ఎన్నుకొనిరో, నేడెట్లు ఎన్నుకొనుచున్నారో పరిశీలించినచో నీ లోపము తేటపడగలదు.

చరకసంహిత శారీరస్థానమున ఎనిమిదవ యధ్యాయమందు ధాత్రీపరీక్ష చెప్పబడినది. ధాత్రి యౌవనవతియు, వినయశీలయు, రోగరహితయునై యుండవలెను. అంగవైకల్యము గాని దుర్వ్యసనము గాని కూడదు. సమానవర్ణమునకు జెందినదియు, బ్రతికియున్న బిడ్డ గలదియు, సమృద్ధిగా పాలు గలదియు కావలెను. పాలను నీటిలో వేసి, అవి నీటితో గలిసిపోయినచో మంచివని నిర్ణయింపవలెను. ఇందు వర్ణనియమమును మనమిప్పుడు అంగీకరింపజాలము. తక్కిన జాగరూకతను మెచ్చకుండనును జాలము. సుశ్రుతుడు మరియొక మాట చెప్పినాడు: కోపశోకముల వలనను, వాత్సల్యము లేకపోవుట వలనను పాలు నశించునట. అనగా సాకుదాని మనస్సు నొచ్చినచో శిశువునకే నష్టమని మన వైద్యులెరుగుదురు. ఆమె మనస్సు నొప్పింపకుండుటకు ఇల్లెట్లుండవలెనో విచారించుట మాత్రము పిమ్మటివారు మరచిరి.

ఆంగ్లేయుల పాలనలో దొరల యిండ్ల యందు శిశుసంరక్షణము ఆయాల పాలయ్యెను. ఆయా యను మాట పోర్చుగీసు భాషనుండి వచ్చినది. పూర్వపు దొరసాని వ్రాసి యిచ్చిన యోగ్యతాపత్రమే యామెకు ఆస్తి. దొరసాని తన నడత నెట్టిదని వ్రాయించుకొని యాయాకు జూపిన యాచారము లేదు. సముద్రప్రయాణమున బిడ్డలను సాకుచు ఇంగ్లండునకు బోయిన యాయాలలో గొందరు ఓడ దిగిన పిమ్మట దిక్కులేక విడువబడిరి. అట్టివారి కొరకు లండనులో నొక యాశ్రయగృహ ముండెను. 1900 లో నది హాక్నీ ప్రాంతమునకు మారెను. స్వదేశమునకు మరల బోవుటకై యాయాకు దక్కిన టిక్కెట్టును ఆ గృహనిర్వాహకులు తీసికొని, హిందూదేశమునకు బయలుదేరు మరియొక కుటుంబముతో నామెను కుదిర్చి పంపుచుండిరి. 2022 లో నా భవనముపై స్మారకఫలకము నిలిపిరి.

ఐరోపాలో వేరొక మార్గము బయలుదేరెను. స్విట్జర్లాండున జర్మను మాటలాడు ప్రాంతపు బాలికలు ఫ్రెంచి ప్రాంతమునకు బోయి, యొక కుటుంబముతో నొక సంవత్సరముండి, యింటిపనిలో సాయపడుచు ఆ భాష నేర్చుకొనుచుండిరి. ఇట్టి సహవాసమునకు ‘ఓ పేర్’ అను ఫ్రెంచి పేరు నిలిచినది. సమానస్థాయిలో ననుట దాని యర్థము. వచ్చిన యువతి దాసి కాదు. ఇంటివారితో బాటు కూర్చుండి భుజించును, వారి బిడ్డలను జూచుకొనును, వారి భాష నేర్చుకొనును. 1969 నవంబరు 24 వ తేదీన స్ట్రాస్‌బర్గు నగరమున దీనిని గూర్చి యొక ఐరోపా యొడంబడిక కుదిరెను. వయస్సు 17 మొదలు 30 వరకు, పని సాధారణముగా దినమునకు 5 గంటలకు మించరాదు, వారమున కొక పూర్తిదినము సెలవు, వ్రాతమూలమైన యొప్పందము, చేతిఖర్చులకు సొమ్ము. ఈ యువతి పూర్తిగా విద్యార్థినియు గాదు, పూర్తిగా పనికత్తెయు గాదు, రెండు లక్షణములును గల ప్రత్యేకవర్గమునకు జెందినదని యందు జెప్పబడినది. ఈ నడిమితనము మేలును గీడును గూడ దెచ్చినది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో నీ పద్ధతి 1986 లో బ్రారంభమయ్యెను. అచ్చట కుటుంబములు తమంతట దామే యువతిని రప్పించుకొనరాదు. ప్రభుత్వము నియమించిన సంస్థల ద్వారానే కుదుర్చుకొనవలెను. యువతికి వయస్సు 18 నుండి 26 లోపల నుండవలెను; ఉన్నతపాఠశాల విద్య ముగిసి, ఆంగ్లము రావలెను. నేరచరిత్రను విచారింతురు. రెండేండ్లు నిండని బిడ్డ గల యింటికి బోవు యువతికి శిశువులను సాకుటలో కనీసము 200 గంటల యనుభవ ముండవలెను. ఇంతవరకు ప్రాతదారియే. క్రొత్తదన మేమనగా, సంస్థవారు కుటుంబమును గూడ వారి యింటికే పోయి ప్రశ్నింతురు. యువతికి ప్రత్యేకమైన గది యున్నదా యని చూతురు.

అమెరికా పౌరుడైన నా పూర్వవిద్యార్థి యొకడు తన యనుభవము నాతో జెప్పినాడు. అతడును భార్యయు గలిసి యిరువది ప్రశ్నలు వ్రాసికొని, దూరదేశపు యువతి నొకతెను దృశ్యయంత్రము ద్వారా గంటసేపు ప్రశ్నించిరట. అన్నిటికిని ఓర్పుతో బదులుచెప్పి యామె తుదకు, “రాత్రి భోజనము మీతో గూర్చుండి చేయుదునా, విడిగా జేయుదునా?” అని యడిగెనట. “మేష్టరుగారూ, మా యిరువది ప్రశ్నలకు నామె సిద్ధపడి వచ్చినది; ఆమె ప్రశ్న యొక్కదానికి మేము సిద్ధముగా లేము” అని యతడు సిగ్గుపడెను.

సమానత యను పేరు గలంత మాత్రమున సమానత రాదు. అమెరికా నిబంధనల ప్రకారము వారమునకు 45 గంటల వరకు పని చేయింపవచ్చును. 2009 లో గంటకు 7.25 డాలర్లైన కనీసవేతనమును బట్టి లెక్కించి, తిండికిని బసకును నూటికి 40 వంతులు తగ్గించి, వారమునకు 195.75 డాలర్లు నిర్ణయించిరి. వేతనము లెక్కించునపుడు బస విలువను దగ్గింతురు. హక్కు లడిగినపుడు నీవు అతిథివి గదా యందురు. మస్సాచుసెట్సు రాష్ట్రపు వేతనశాసనము ఈ యువతులకును వర్తించునని 2019 డిసెంబరులో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. సంస్కృతీవినిమయము చౌకపనిగా మారినదను విమర్శ నార్వేలోను బయలుదేరగా, 2024 లో నా దేశము ఈ పద్ధతినే తొలగించెను.

పరదేశముల దోషములను లెక్కించి మనము సంతసించుటకు వీలులేదు. వారికి వ్రాసిన యొప్పందమైన నున్నది. మనకు “మా పిల్లవలె చూచుకొందుము” అను నొక్క మాట చాలుచున్నది. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలోని పండ్రెండేండ్ల బాలిక బడి మానెను. విచారింపగా పట్టణమున నొక యింట బిడ్డ నెత్తుకొనుచున్నదని తెలిసి పోయితిని. ఇంటివారు చదువుకొన్నవారు, నన్ను మర్యాదతో గూర్చుండబెట్టి యా మాటయే యనిరి. వారి పెద్దకూతు రావేళ బడిలో నున్నది. పదునాలుగేండ్లలోపు పిల్లలచేత నింటిపని చేయించుట 2006 అక్టోబరు 10 నుండి మన దేశమున నిషిద్ధమని చెప్పితిని. వారికి గోపము వచ్చినది. బాలిక తిరిగి బడికి వచ్చుటకు రెండు నెలలు పట్టెను. అంతలో లెక్కలు చాల మరచినది.

కావున సంరక్షకురాలిని వెదకు ప్రతి కుటుంబమును మొదట తన్ను దాను బరీక్షించుకొనవలెను. వచ్చు మనిషికి వయస్సు నిండినదా? ఆమె పండుకొనుటకు తలుపు గల గది యున్నదా? పని యెన్ని గంటలకు ముగియును? వేతన మే తేదీన నిత్తుము? వారమున కొకదినము ఆమెది యగునా? ఆమె చదువగోరినచో వీలు గలదా? తృప్తికరమైన బదులు దొరకనిచో వెదకులాట నాపి, ముందు తన యింటిని సవరించుకొనవలెను. చూచుచు పెరుగు శిశువునకు పెద్దలు వేరుగా బోధింప నక్కరలేదు. తనకు ముద్ద కలిపి పెట్టిన చేయి యే పంక్తిని భుజించెనో యది చూచియే మానవసమానత యననేమో నేర్చుకొనును.