కుటుంబచ్ఛాయాచిత్రముల క్రమము — జహీరాబాదు సీమ నిదర్శనము

శాసనములు, తాళపత్రములు, కైఫీయత్తులు ఆంధ్రదేశచరిత్రకు ముఖ్యాధారములని పండితు లంగీకరించియున్నారు. ఇండ్లలోఁ బెట్టెల యడుగున నణఁగియున్న ఛాయాచిత్రములకు మాత్ర మట్టి గౌరవ మింకను లభింపలేదు. శాసనమును దానున్న తావునుండి పెకలించి, స్థలనామమైనను వ్రాయక వేఱొకచోట నుంచినచో దాని విలువ సగము నశించునని చరిత్రకారు లందఱు నెఱుఁగుదురు. ఛాయాచిత్రమునకును న్యాయ మిదియే. అయినను, పాత చిత్రముల గుట్టను సవరింపఁబూనినవారు మొట్టమొదటఁ జేయు పని, ఆల్బములనుండి వానిని విడఁదీసి, పెండ్లిండ్లవి యొకచోట, పిల్లలవి యొకచోట, యాత్రలవి యొకచోటఁ గుప్పలు వేయుట. ఇది చూచుటకుఁ జక్కని పద్ధతిగాఁ దోఁచును. ఫలమున సాక్ష్యమును జెఱుపుటయే యగును. ఏ చిత్రము దేని ప్రక్క నుండెను, దాని వెనుక నేమి వ్రాసియుండెను అను విషయములు చిత్రముతో సమానమైన యాధారములు.

జహీరాబాదు సీమ యిందులకు మంచి నిదర్శనము. పైగా ప్రభువులలో నొకఁడగు జహీర్ యార్ జంగు పేరిట నీ యూరికిఁ బేరు వచ్చెనని చెప్పుదురు. హైదరాబాదు సంస్థానకాలమున నీ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1 వ తేదీన రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపఁబడినపుడు బీదరు జిల్లా మూఁడు రాష్ట్రములకుఁ బంచిపెట్టఁబడెను. నిర్ణా భాగము తప్పఁ దక్కిన జహీరాబాదు తాలూకాయు, నారాయణఖేడు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాలకల్లు భాగమును ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలోఁ జేరెను. 2016 అక్టోబరు 11 వ తేదీన సంగారెడ్డి జిల్లా యేర్పడఁగా జహీరాబా దందులోని దయ్యెను. ఇట్లు ఇల్లు కదలకయే, ఊరు కదలకయే, ఒక్క కుటుంబము మూఁడు జిల్లాల పేరులు వ్రాసికొనవలసివచ్చెను.

కావున నొక చిత్రము వెనుక “బీదరు జిల్లా, జహీరాబాదు” అని యున్నచో, అది తప్పు గాదు. ఆ వ్రాఁత 1956 నకుఁ బూర్వపుదని తెలుపు గుఱుతు. నేఁటి సవరణకర్త దానిని బొరపాటని యెంచి, కొట్టివేసి “సంగారెడ్డి జిల్లా” యని వ్రాసినచో, తేదీ లేని చిత్రమునకున్న యొక్క తేదీయుఁ బోవును. బీదరు నేఁడు కర్ణాటకమున నున్నదిగదా యని యా చిత్రమును గర్ణాటకపు బంధువుల కట్టలోఁ జేర్చినచో రెండవ తప్పు జరుగును. అప్పుడు మనుమల కాలమునకు ఆ కుటుంబమే యన్యదేశమునుండి వలస వచ్చినదను కథ పుట్టవచ్చును.

తేదీ యున్నచోటను జాగరూకత వలయును. సంస్థానమున రాజభాష ఉర్దూ. బీదరు జిల్లాలోఁ దెలుఁగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వ్యవహారమున నుండినవి. లిపి యేదైనను, అంకెలు ఫసలీయో, హిజరీయో, క్రీస్తుశకమో మొదట నిర్ణయింపవలెను. సంస్థానమున ఫసలీ సంవత్సరము అక్టోబరు మాసమున మొదలగుచుండెను. ఆ సంఖ్యకు 590 కూడినచో నది మొదలైన క్రీస్తుశకాబ్దము వచ్చును. 1350 ఫసలీ యనఁగా 1940 అక్టోబరునుండి 1941 అక్టోబరు వఱకు. ఆ 1350 నే హిజరీగాఁ దలఁచినచో 1931–32 అగును. తొమ్మిదేండ్ల భేదముచే చిత్రములోని శిశువు అన్నయో తమ్ముఁడో తాఱుమా ఱగును. తెలుఁగు సంవత్సరనామముల కఱువదేండ్ల యావృత్తి కలదు. “ప్రభవ” యనఁగా 1927–28 కావచ్చును, 1987–88 కావచ్చును. ఇట్టియెడఁ గాగితమును, ప్రక్క చిత్రములును సాక్ష్యము పలుకవలెను. ప్రక్క చిత్రములు చెదరిపోయియుండినచో నా సాక్ష్యము లేదు.

చిత్రము నంటించిన యట్టయుఁ గాలమును దెలుపును. ఇందుల కా సంస్థానముననే వర్ధిల్లిన రాజా దీన్ దయాళు చిత్రశాల నిదర్శనము. 1844 లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన దీన్ దయాళు రూర్కీలో నింజనీరింగు చదివి, ఇందూరున మరామతు శాఖలో నుద్యోగించి, పిదప ఛాయాచిత్రకళ నవలంబించి, 1885 ప్రాంతమున ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను నాస్థానచిత్రకారుఁ డయ్యెను. సికింద్రాబాదునందును, 1896 లో బొంబాయియందును జిత్రశాలలు నెలకొల్పెను. 1894 లో నిజా మాతనికి “రాజా” బిరుద మొసఁగెను. కావున అట్టపై “రాజా” యని యచ్చైనచో నది 1894 నకుఁ బూర్వపుది కాఁజాలదు. “లాలా” యని యున్నచో మాత్రము 1894 నకుఁ బూర్వపుదే యని పట్టుపట్టరాదు. మిగిలిన పాత యట్టలను బిదపఁగూడ వాడియుండవచ్చును. ఆతఁడు 1905 లోఁ గీర్తిశేషుఁడైన పిమ్మటను గుమారుఁడు జ్ఞానచందు ఆ వ్యాపారమును నడపెను గాన, పేరు చూచినంతనే యది దీన్ దయాళు స్వహస్తకృత మనరాదు.

ఆ చిత్రశాలవారి గాజుపలకలు వంశమువారి రక్షణలో బహుకాల ముండెను. వానిలో 2,857 పలకలు 1989 లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకుఁ జేరెను. అవి చెదరక యొక్కచోటఁ జేరుటచేతనే యొక చిత్రశాల కార్యమును సమగ్రముగాఁ బరిశీలింప వీలగుచున్నది. ఒకచోటినుండి వచ్చిన పత్రముల నన్యములతోఁ గలపక, వచ్చిన పొందికనే కాపాడవలెనని ఫ్రాన్సు దేశపు పత్రభాండాగారములవారు 1841 లోనే కట్టడి చేసికొనిరి. జహీరాబాదులోని యొక యింటి పెట్టెకును నా కట్టడియే శరణ్యము.

అనఁగా, మొదట నే చిత్రమును గదలింపక, పెట్టె పెట్టెకును, పుట పుటకును సంఖ్య వేయవలెను. చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో సంఖ్య వ్రాయవలెను. సిరా పైకి దిగును. జిగురుతో నంటినదానిని బలిమిఁ బెఱుకరాదు. వెనుకనున్న వ్రాఁతను దప్పులతోఁగూడ నున్నదున్నట్లు ప్రతి వ్రాసికొని, సవరణమును వేఱుగఁ జూపవలెను. పిమ్మటఁ బ్రతిబింబములు తీసి, ఆ ప్రతులను బెండ్లిండ్లనియు, యాత్రలనియు నెన్ని విధములనైనఁ గూర్చికొనవచ్చును. మూలము మూలముగనే యుండును.

వీని యన్నిటికంటెఁ ద్వరపడవలసిన దింకొకటి కలదు. 1892 లో దీన్ దయాళు హైదరాబాదులో ఘోషాస్త్రీల కొఱకుఁ బ్రత్యేకచిత్రశాలను దెఱచి, శ్రీమతి కెన్నీ లెవిక్కు అను వనిత నందు నియమించెను. అట్లు స్త్రీలు చిత్రములకు వచ్చిరి గాని, వారి పేరులు చిత్రముల వెనుకకు రాలేదనుట తఱచు సత్యము. “ఫలానివారి భార్య”, “పెద్ద కోడలు” అను మాటలే కానవచ్చును. ఆమె పేరు, పుట్టినింటి పేరు, పుట్టిన యూరు ఏ దస్తరమునను లేవు. ఇంటిలోని యొక వృద్ధురాలి జ్ఞాపకమున మాత్ర మున్నవి. అట్టయు, లిపియు, జిల్లా పేరును ఇంక నూఱేండ్లకైనఁ జదువవచ్చును. ఆ వృద్ధురాలి నడుగుటకు మాత్రము కాలము మించనీయరాదు. ఆమె యెదుటఁ జిత్రముల నా పాత వరుసలోనే యుంచి యడుగవలెను. ఒక ముఖము ప్రక్క నింకొక ముఖము కానరాఁగా, మఱచిన పేరు నోటికి వచ్చును.