ఇంటి బేరము – కరారునామా

గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో కొందరు పురాణములను, కొందరు నవలలను, పెక్కుమంది వార్తాపత్రికలను చదువుదురు. కాని సామాన్య గృహస్థుడు తన జీవితములో అన్నింటికంటె శ్రద్ధగా చదువవలసిన వ్రాత యొకటి కలదు. అది ఇల్లు కట్టించునపుడు మేస్త్రీతో వ్రాసికొను కరారునామా. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమంతయు ఆ ఒక్క కాగితమునకు లోబడియుండును. అయినను మన సుల్తానాబాదు ప్రాంతమున రూపాయల సంఖ్య కుదిరినంతనే బేరము ముగిసినదని తలచి, బయానా చేతిలో పెట్టి, కొబ్బరికాయ కొట్టువారే యెక్కువ. ఆ సంఖ్య ఒక్కటే వెల కాదని మన పూర్వుల అనుభవము చెప్పుచున్నది.

మొదట శాస్త్రమును చూతము. కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దముల పాటు పేరు మాత్రమే మిగిలియున్న గ్రంథము. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున దాని తాళపత్రప్రతి శామశాస్త్రిగారి దృష్టికి వచ్చినది. 1909లో ఆయన దానిని ముద్రింపించిరి. ఒక గ్రంథాలయపు అరలో ఎంతటి నిధి దాగియుండగలదో దీనివలన తెలియును. అందు కూలిని గూర్చి, కారువుల పనిని గూర్చి చేసిన ఏర్పాటులు నేటి మేస్త్రీ బేరమునకు అతికినట్లుండును. పనివానికిని యజమానునకును కుదిరిన మాట ఇరుగుపొరుగువారికి తెలిసియుండవలెను. మాట్లాడుకొన్న కూలి యెంతయో అంతయే చెల్లవలెను. మాట్లాడుకొననిచో పనిని, కాలమును బట్టి నిర్ణయింపవలెను. కారువు గడువు దాటించినచో కూలిలో నాలుగవ వంతు తగ్గును, తగ్గినదానికి రెట్టింపు దండుగ పడును. ఆపద వచ్చి పని ఆగినచో మాత్రము ఈ శిక్ష లేదు. చెప్పిన పనికి బదులు వేరొక విధముగా చేసినచో కూలి మొత్తము పోవును. కారువునకు అప్పగించిన సొమ్మునకు వాని శ్రేణి పూచీపడవలెనని కూడ అందున్నది. బయానా పుచ్చుకొని కనబడకుండపోవు మేస్త్రీని ఎరిగినవారికి ఈ చివరి నియమము విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే మన గ్రామములలో చిరకాలము బేరమునకే చోటు తక్కువ. వడ్లవాడు, కమ్మరి మొదలైన ఆయగాండ్లకు నాగలి, కొడవలి పనులకై పంట కళ్ళమున గింజలు ముట్టెడివి. క్రొత్త యిల్లు ఆ లెక్కలోనిది కాదు. దానికి వేరుగా మాట్లాడుకొనవలసియుండెను. ఇక గడీల సంగతి వేరు. తెలంగాణమున దొరల గడీలకు మట్టి మోసినవారు, రాళ్ళు లాగినవారు పెక్కుచోట్ల వెట్టివారు. వారిని ధర అడిగినవాడు లేడు, చెప్పు ధైర్యము వారికిని లేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. మేస్త్రీ నేడు మన అరుగుమీద కూర్చుండి ధర ఎక్కువ చెప్పుచున్నాడని విసుగుకొనువారు ఈ విషయమును గుర్తుంచుకొందురు గాక.

రూపాయల వ్యాపారములోనికి వచ్చిన తరువాత మరియొక చిక్కు పుట్టినది. నిజాము రాజ్యమున చెల్లునది హాలిసిక్కా. బ్రిటిషువారి నాణెము కల్దారు. కల్దారు 100 రూపాయలకు హాలి 116 రూపాయల 10 అణాల 8 పైసలు, అనగా ఆరింటికి ఏడు. మన ఉత్తరపు సరిహద్దున ప్రాణహిత కావల చాందా జిల్లా బ్రిటిషు పాలనలోనిది. అచట కల్దారే చెల్లెడిది. ఇట్టి చోట 1,400 రూపాయలకు ఇల్లు కుదిరినదని వ్రాసి, ఏ రూపాయలో వ్రాయకున్నచో ఏమగును? 1,400 కల్దారు హాలిలో 1,633 రూపాయల 5 అణాల 4 పైసలగును. తేడా 233 రూపాయల పైచిలుకు! ఒక్క పదము విడిచినందున పైకప్పు కలప ఖర్చంత సొమ్ము తగవులో పడగలదు. హైదరాబాదు 1948లో భారతదేశమున చేరిన తరువాత కొన్ని యేండ్లకు హాలి తొలగిపోయినది; 1957 ఏప్రిలు 1 నుండి అణాలును పోయి నయాపైసలు వచ్చినవి.

నాణెపు చిక్కు తీరినను కొలత చిక్కు తీరలేదు. మూర యనగా ఎవరి మూర? గోడను కొలుచునపుడు ద్వారబంధపు ఖాళీని కలుపవలెనా, తీసివేయవలెనా? నేడు చదరపు అడుగునకు ఇంతయని మాట్లాడుకొనుచున్నారు. అందు సజ్జలు, మెట్లు, వసారా చేరునో లేదో స్లాబు పడిన తరువాత గాని చాలమందికి జ్ఞప్తికి రాదు. కాగితముమీది కొలత మనుష్యుని ఎట్లు భ్రమపెట్టునో చెప్పుటకు హైదరాబాదు రెసిడెన్సీ కథ ఒకటి ఆంగ్లేయుల వ్రాతలలో నున్నది. 1798 నుండి 1805 వరకు రెసిడెంటుగా నుండిన కిర్క్‌పాట్రిక్ తన భవనమునకై భూమి కోరుచు పెద్ద పటము గీయించి నిజాము అలీఖానుకు సమర్పించెను. నిజాము నిరాకరించెను. మీరాలము కారణము చెప్పెనట: తన రాజ్యపు పటమును కూడ అంత పెద్దదిగా ప్రభువు చూచియుండలేదు! అదే భూమిని చిన్న అట్టముక్కపై గీయించి తెచ్చినంతనే అనుమతి లభించినది. భూమి అంగుళమైనను తగ్గలేదు, తగ్గినది పటము మాత్రమే. నేడు మనకు రంగురంగుల పటములు చూపు గుత్తేదారులకు ఈ కథ తెలియకపోయినను విద్య తెలియును.

సామగ్రి మారినకొలది బేరమును మారినది. డంగు సున్నపు కాలమున గానుగ త్రిప్పు ఎద్దులు ఎవరివి, సున్నము నానబెట్టు దినములకు కూలి ఉన్నదా లేదా యని వాదము. మంచిర్యాలలో 1958లోను, బసంత్‌నగరులో 1969లోను సిమెంటు తయారగుట మొదలైన తరువాత వాదము బస్తాల లెక్కకు మారినది. కూలి మాత్రమే గుత్తయా, సామగ్రితో గుత్తయా యను ప్రశ్నయే ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యము. సామగ్రితో గుత్త యనినచో సిమెంటు, ఇనుము ధర పెరిగినపుడు ఆ భారమెవరిదో ముందే వ్రాయవలెను.

1872 నాటి కాంట్రాక్టు చట్టము ఈ విషయమున కౌటిల్యునికి దూరము కాదు. ఉచితముగా చేయు తలంపు లేక ఒకడు చేసిన పనివలన లాభము పొందినవాడు తగిన ప్రతిఫలమీయవలెనని దాని 70వ సెక్షను. గడువు దాటినచో ఇంత దండుగయని వ్రాసికొన్నను, న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండ, ఉచితమని తోచినంత నష్టపరిహారమే ఇప్పించునని 74వ సెక్షను. రెట్టింపు దండుగ నేడు చెల్లదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే వెలలో పదింట ఒక వంతునకు మించి ముందు పుచ్చుకొనరాదనినది; కాని అది కట్టి అమ్మువారికి సంబంధించినది, మన స్థలమున మనము కట్టించుకొను ఇంటికి వర్తింపదు. మనకు అక్కరకు వచ్చునది వినియోగదారుల చట్టము. గృహనిర్మాణమును సేవగా 1993 సవరణలో చేర్చిరి. 2019 చట్టమును దానిని నిలిపినది. ఫిర్యాదు చేయదలచినవారు కరారునామాను, చెల్లింపుల రసీదులను వెంట తీసికొనిపోవలెను.