నాజిల్ మార్చేముందు: మన ప్రాంతపు డీజిలు లారీల చరిత్ర

మార్కాపురం పేరు చెప్పగానే ఎవరికైనా పలక గుర్తుకు వస్తుంది. ఆ పలకను రైలుతోపాటు ఊరూరికీ చేర్చినది డీజిలు లారీ. లారీని గురించి చెప్పుకునేటప్పుడు డ్రైవరును తలుస్తాం, యజమానిని తలుస్తాం. ఇంజను తలమీద బొటనవేలంత ఉండే నాజిల్‌ను మాత్రం ఎవరూ తలవరు. దాని చరిత్ర తెలిస్తే మన కుటుంబాలకు డబ్బూ మిగులుతుంది, పిల్లల చేతులూ క్షేమంగా ఉంటాయి. అందుకే ఈ వ్యాసం.

మన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రం నల్లమల కొండలకు అవతల. గిద్దలూరు నుండి దిగువమెట్ట, గాజులపల్లె మీదుగా నంద్యాలకు పోవాలన్నా, దోర్నాల నుండి ఆత్మకూరుకు పోవాలన్నా అడవిలో ఘాటు దాటక తప్పదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఆఫీసు కాగితాలు తూర్పుకు తిరిగాయి గాని సరుకు మాత్రం ఘాట్లను వదలలేదు. గుంటూరు, గుంతకల్లు మధ్య రైలు మార్గం 1990ల వరకు మీటరు గేజి. గేజి మారిన చోట సరుకు దించి మళ్ళీ ఎక్కించాలి. పలకలు పగిలే సరుకు. ఇక్కడ ఎక్కించి అక్కడే దించగలిగిన లారీకి గిరాకీ ఉండటంలో వింత లేదు.

డీజిలు ఇంజనుకు ఆ పేరు రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు వల్ల వచ్చింది. ఆయన 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. దీనిలో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె మండుతుంది. చిక్కల్లా అంతగా నొక్కిన గాలిలోకి నూనెను పంపడమే. మొదట్లో గాలి కంప్రెసరుతో నూనెను ఊదేవారు. ఆ కంప్రెసరు బరువు వల్ల ఇంజను ఓడలకూ ఫ్యాక్టరీలకూ తప్ప లారీకి పనికి రాలేదు. బాష్ కంపెనీ 1922లో నూనెను నేరుగా చిమ్మే పంపు తయారీకి పూనుకుని, 1927లో దానిని పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయసాగింది. డీజిలు లారీ రోడ్డుమీద నిలదొక్కుకున్నది ఆ పంపు, నాజిళ్ళ బలంతోనే.

మన దేశంలో 1951లో మైకో కంపెనీ వెలిసింది. తరువాతి కాలంలో పంపులూ నాజిళ్ళూ ఆ కంపెనీ నుండే వచ్చాయి. పాత డ్రైవర్లు నాజిల్ అంటే మైకో అనేవారు. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. జంషెడ్‌పూర్‌లో టెల్కో, జర్మనీ వారి డైమ్లర్ బెంజ్ 1954లో చేతులు కలిపి లారీలు తయారు చేశాయి. 1969లో ఆ ఒప్పందం ముగిశాక కూడా జనం నోట చాలాకాలం అది 'బెంజి లారీ'యే. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1973లో ప్రపంచమంతటా చమురు ధర మండిపోయిన తరువాత, లీటరుకు ఎక్కువ దూరం పోయే డీజిలు బండి విలువ అందరికీ తెలిసివచ్చింది.

ఇక నాజిల్ చేసే పని. లోపల ఒక సూది, దానిని కిందికి అదిమి ఉంచే స్ప్రింగు. పంపు నుండి వచ్చే ఒత్తిడి పాత లారీ ఇంజన్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలకు చేరగానే సూది లేచి, సన్నని రంధ్రాల గుండా డీజిలు పొగమంచులా చిమ్ముతుంది. వెంటనే సూది మూసుకోవాలి. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క నాజిల్ నిమిషానికి 1000 సార్లు ఇలా తెరుచుకుని మూసుకుంటుంది. సూదికీ దాని గూటికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్కలో, రెండు నుండి నాలుగు మాత్రమే. అందుకే ఒక నాజిల్ సూదిని మరొకదానిలో వేయరాదు. ఆ రెంటినీ జతగా అరగదీసి తయారుచేస్తారు.

నాజిల్ చెడితే చిమ్మవలసిన డీజిలు కారుతుంది. సరిగా మండక నల్లపొగ వస్తుంది, ఇంజను మిస్సింగ్ కొడుతుంది, పుల్లింగ్ తగ్గుతుంది. మైదానంలో తెలియని జబ్బు దిగువమెట్ట ఘాటులో లోడుతో ఎక్కేటప్పుడు బయటపడేది. కారుడు ఎక్కువైతే పిస్టనే కాలిపోవచ్చు.

పాతకాలపు మేస్త్రీలు దోషిని పట్టే పద్ధతి ఇది. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేసేవారు. మంచి నాజిల్‌ది వదులు చేస్తే ఇంజను శబ్దం మారుతుంది. దేనిని వదులు చేసినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండరులోనే తేడా. అప్పుడు ఇంజను ఆపి, చుట్టూ దుమ్ము తుడిచి, పైపులు విప్పి వాటి మూతులు మూసి, నాజిల్‌ను బయటికి తీస్తారు. కింద ఉన్న రాగి వాషరు ఒక్కోసారి హెడ్డులోనే అంటుకుని ఉండిపోతుంది. దానిని చూడకుండా కొత్తది వేస్తే రెండు వాషర్లయి నాజిల్ ఎత్తుగా కూర్చుంటుంది, అది చిమ్మే చోటు తప్పుతుంది.

తీసిన నాజిల్‌ను చేతిపంపుకు బిగించి పరీక్షించాలి. చూడవలసినవి మూడు: ఎంత ఒత్తిడికి తెరుచుకుంటున్నది, తుంపర అన్ని రంధ్రాల నుండి సమంగా వస్తున్నదా, మూసుకున్నాక కొనన చుక్క నిలుస్తున్నదా. ఒత్తిడి మాత్రమే తగ్గితే స్ప్రింగు మీద పలుచని షిమ్ వేసి సరిచేయవచ్చు. మసి పడితే శుభ్రం చేయవచ్చు. సూదిగాని, అది కూర్చునే చోటుగాని అరిగితేనే మార్పు.

నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో వాహనాల మరమ్మతు బిల్లులు నా సీటు మీదుగా పోయేవి. ఒకసారి ఒక లారీకి ఆరు నాజిళ్ళూ కొత్తవి వేయాలని అంచనా వచ్చింది. ఆ బండి డ్రైవరు పెద్దవాడు. "ఆరూ ఒక్కరోజే చెడతాయా సార్? పంపు మీద పెట్టి చూడమనండి" అన్నాడు. చూస్తే కారుతున్నవి రెండే. ఒకదానికి షిమ్ సరిపోయింది, మూడు బాగున్నాయి. పాత సామాను చూపి, స్టోరు రిజిస్టరులో ఎక్కించాకే బిల్లు పాస్ కావాలనే నిబంధనను మనలో చాలామంది చాదస్తం అనుకున్నాం. ఆ నిబంధనకు అర్థం ఆ డ్రైవరు మాటలో ఉంది. సొంతంగా ఒక్క లారీ పెట్టుకుని నెలనెలా ఫైనాన్సు వాయిదా కట్టే కుటుంబానికి ఆ అర్థం మరీ అవసరం.

నాజిల్ త్వరగా చెడటానికి ముఖ్యకారణాలు దుమ్ము, నీరు, కల్తీ. డీజిలుకు కాస్త జిడ్డు ఉంటుంది. సూదికీ పంపుకూ అదే కందెన. కిరోసిన్‌కు ఆ జిడ్డు చాలదు. రేషను కిరోసిన్‌కు నీలిరంగు కలిపినది ఇటువంటి మళ్ళింపును పట్టడానికే. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో మంజునాథ్ షణ్ముగం అనే యువ ఇండియన్ ఆయిల్ అధికారి కల్తీని అడ్డుకున్నందుకు ప్రాణాలే పోగొట్టుకున్నాడు. కనుక ఫిల్టరు వేళకు మార్చడం, నీటిని వదిలిపెట్టడం, నమ్మకమైన బంకులో పోయించడం కొత్త నాజిల్ కొనడంకంటే చౌక.

ఇప్పటి లారీలు వేరు. లారీలకు కామన్ రైల్ పద్ధతి వచ్చింది. దేశమంతటా 2017లో బి.ఎస్. నాలుగు, 2020లో బి.ఎస్. ఆరు ప్రమాణాలు అమలయ్యాయి. డీజిలులో గంధకం పదిలక్షల వంతుల్లో 50కి, ఆపై 10కి తగ్గింది. ఒత్తిడి పాతదానికి ఎనిమిది, పది రెట్లు. నాజిల్‌ను తెరిచేది ఇప్పుడు కంప్యూటరు. చాలావాటిలో ఇంజక్టరు మీద ఉన్న సంఖ్యను ఆ కంప్యూటరుకు ఎక్కిస్తేనే పని సరిగా సాగుతుంది. వీటిలో నట్టు వదులు చేసి చూసే పాత పద్ధతి ఎంతమాత్రం పనికిరాదు, ప్రాణాపాయం. అయితే పాత నీతి మారలేదు. నేడు ఆ పరీక్ష కంప్యూటరు మీద, టెస్టు బెంచి మీద జరుగుతుంది. దాని ఫలితం కాగితం మీద అడిగి తీసుకోండి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. పాత నాజిలైనా కొత్తదైనా, చిమ్మే డీజిలుకు చేయి అడ్డం పెట్టరాదు. లీకు చూడాలంటే అట్టముక్క పెట్టాలి. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనబడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చి వేలు, ఒక్కోసారి చేయి తీసివేయవలసి వస్తుంది. కట్టు కట్టుకుని పనిలో పడకుండా వెంటనే ఆపరేషను సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పోయి, "డీజిలు ఒత్తిడితో లోపలికి దూరింది" అని స్పష్టంగా చెప్పాలి. మన సభ్యుల ఇళ్ళలో లారీలు నడిపేవారు, షెడ్లలో పని నేర్చుకునే కుర్రవాళ్ళు ఉన్నారు. ఈ పేరాను వారికి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.