గుండెపోటు నిర్ధారణ చరిత్ర: రక్తసూచికలు, హృదయధమనీ ప్రవాహం

ఉపోద్ఘాతం:

తార్నాక నుంచి వచ్చే రహదారి హబ్సిగూడ కూడలిలో రెండుగా చీలుతుంది. ఒక దారి ఉప్పల్‌కు, మరొకటి నాచారానికి పోతుంది. నాచారంలో పారిశ్రామికవాడ, కార్మికుల వైద్యానికి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నాయి. ఉప్పల్ రోడ్డులో సి.సి.ఎం.బి.గా పేరొందిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాకేంద్రం ఉంది. తెల్లవారుజామున ఛాతీనొప్పితో ఆసుపత్రికి చేరిన కార్మికుని విషయంలో వైద్యుని ముందు రెండు ప్రశ్నలుంటాయి. గుండెకండరం దెబ్బతిన్నదా? ఆ కండరానికి రక్తం పారుతున్నదా? మొదటి ప్రశ్నకు రక్తపరీక్ష, రెండవదానికి ధమనుల చిత్రణ సమాధానమిస్తాయి. వైద్యచరిత్రలో ఈ రెండింటినీ వేర్వేరు కథలుగా చెప్పడం పరిపాటి. అయితే దెబ్బతిన్న కండరం నుంచి వెలువడే పదార్థాన్ని బయటికి మోసుకురావలసింది కూడా రక్తప్రవాహమే. కాబట్టి సూచికల చరిత్రను ప్రవాహచరిత్ర నుంచి విడదీసి అర్థం చేసుకోవడం కుదరదు.

‘పోటు’ అనే మాటకు తెలుగులో పొడుపు, బాధ అనే అర్థాలతోపాటు సముద్రపు ఉబుకు అనే అర్థమూ ఉంది. గుండెపోటు అనే పేరు రోగి అనుభవించే బాధను బట్టి ఏర్పడింది. లోపల జరిగేది మాత్రం ఉబుకు కాదు, ఆగిపోవడం.

నీలిరంగు నుంచి ఎంజైము దాకా:

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెందినప్పుడు నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతే కొలమానం. కండరసారాన్ని ఇలా కొలుస్తున్నప్పుడు రంగు ఒక్కసారిగా రాకుండా ఆలస్యంగా పెరుగుతూ పోయింది. మరొకరైతే దానిని పద్ధతిలోని లోపంగా భావించి వదిలివేసేవారేమో. ఈ ఇద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో సులభంగా విడిపోయే ఫాస్ఫరస్ సమ్మేళనం ఉన్నదని, అది ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో వెల్లడించారు. 1934లో కార్ల్ లోమన్, క్రియాటిన్‌కు ఫాస్ఫేటు మారే ఎంజైముచర్యను వివరించాడు. ఆ ఎంజైమే క్రియాటిన్ కైనేజ్.

గుండెపోటును రక్తంలోని ఎంజైముతో గుర్తించవచ్చని 1954లో న్యూయార్కులో కార్మెన్, రోబ్లెవ్‌స్కీ, లాడ్యూ చూపించారు. వారు ఎంచుకున్న ఎంజైము కాలేయంలోనూ విస్తారంగా ఉండేది కావడంతో సందేహానికి తావుండేది. 1960 నుంచి క్రియాటిన్ కైనేజ్, తరువాత అందులో గుండెలో ఎక్కువగా ఉండే ఎం.బి. రూపం వాడుకలోకి వచ్చాయి. సుబ్బారావు 1948లోనే మరణించారు. ఆయన పేరును తెలుగువారు ఔషధాల సందర్భంలో తలుస్తారు. హృద్రోగ నిర్ధారణకు ఆయన కృషితో ఉన్న ఈ సంబంధం అంతగా ప్రస్తావనకు రాలేదు.

మూసుకున్న నాళం:

హృదయధమని అకస్మాత్తుగా మూసుకుపోయినా రోగి బతకవచ్చని 1912లో జేమ్స్ హెరిక్ రాశాడు. అయినా రక్తపుగడ్డ గుండెపోటుకు కారణమా, ఫలితమా అనే వాదం 1970ల దాకా సాగింది. మరణానంతర పరీక్షలే ఆధారమైనంత కాలం ఆ వాదం తేలలేదు. 1980లో డివుడ్ బృందం బతికున్న రోగుల ధమనులను పరిశీలించింది. నొప్పి మొదలైన నాలుగు గంటలలోపు పరీక్షించిన 126 మందిలో 110 మందికి ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 నుంచి 24 గంటల మధ్య పరీక్షించిన 57 మందిలో ఆ సంఖ్య 37. అంటే కాలం గడిచేకొద్దీ కొందరిలో గడ్డ తనంతట తానే కరుగుతున్నది. ఆలస్యంగా చూసినవారికి కారణం కనిపించకపోవడంలో వింత లేదు.

గడ్డను కరిగించే చికిత్స దీనితో బలపడింది. 1986లో ఇటలీలో 11,806 మందిపై జరిగిన జిస్సీ పరిశోధన స్ట్రెప్టోకైనేజ్ ప్రాణాలను కాపాడుతుందని నిరూపించింది. అనంతరకాలంలో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, భారత్ బయోటెక్ సంస్థలు ఈ మందును జన్యుసాంకేతిక పద్ధతిలో తయారుచేశాయి. ప్రవాహాన్ని కొలిచే ‘టిమి’ శ్రేణులు 1985లో వచ్చాయి. సున్నా అంటే ప్రవాహం లేదు, మూడు అంటే సహజప్రవాహం.

సూచికను మోసుకొచ్చే ప్రవాహం:

ధమని మూసుకునే ఉంటే ఎం.బి. ఎంజైము మెల్లగా పెరిగి సుమారు 24 గంటలకు గరిష్ఠస్థాయికి చేరుతుంది. ప్రవాహం తిరిగివస్తే నిలిచిపోయిన ఎంజైము ఒక్కసారిగా కొట్టుకువస్తుంది. గరిష్ఠస్థాయి దాదాపు 12 గంటల ప్రాంతానికే కనిపిస్తుంది. యాంజియోగ్రఫీ సదుపాయం లేనిచోట మందు పనిచేసిందో లేదో ఊహించడానికి నొప్పి తగ్గడం, ఇ.సి.జి. మార్పులతోపాటు ఈ తొందర పెరుగుదల కూడా ఆధారమైంది. నొప్పి మొదలైన గంట, రక్తం తీసిన గంట రాయని పరీక్షాపత్రం తేదీ లేని శాసనం వంటిది. అందులోని అంకె నిజమే కావచ్చు, దానితో కాలనిర్ణయం చేయలేము.

ధమని తెరచుకోవడంతోనే కథ ముగియదు. 1974లో క్లోనర్ బృందం కుక్కల ధమనిని 90 నిమిషాలు బంధించి విడిచినప్పుడు, పెద్దనాళం తెరచుకున్నా కొన్ని భాగాలలోని సూక్ష్మనాళాలకు రక్తం చేరలేదు. నాళం తెరచుకోవడం, కండరం తడవడం ఒకటి కావని అప్పటినుంచి స్పష్టమైంది. కాలువ లాకులెత్తినంత మాత్రాన చివరి మడికి నీరు అందదని గోదావరి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

1989లో కాటస్ బృందం ట్రోపోనిన్ టి పరీక్షను వెలువరించింది. 2000లో గుండెపోటు నిర్వచనమే ట్రోపోనిన్ ఆధారంగా మారింది. ఈ ప్రొటీన్ రక్తంలో కనిపించడానికి సమయం పడుతుంది. అందువల్ల ఇ.సి.జి. స్పష్టంగా ఉన్న రోగికి ఫలితం కోసం చికిత్సను ఆపకూడదు.

ఉప్పల్ రోడ్డు సాక్ష్యం:

తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాలలో 2003–04లో జరిగిన అధ్యయనం, మరణాలలో దాదాపు మూడోవంతు హృదయ, రక్తనాళ వ్యాధుల వల్లనేనని తేల్చింది. ఇది నగరాల జబ్బు అనే నమ్మకం దానితో సడలింది. 2009లో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, సహపరిశోధకులు ఎం.వై.బి.పి.సి.3 జన్యువులో 25 అక్షరాల లోపాన్ని గురించి నేచర్ జెనెటిక్స్‌లో ప్రకటించారు. భారతీయులలో సుమారు నాలుగు శాతం మందిలో ఉండే ఈ లోపం గుండె కండరవ్యాధికి, గుండె వైఫల్యానికి దారితీయగలదు. దీనిని గుండెపోటు జన్యువుగా భావించడం సరికాదు. ఇక్కడ ధమని మూసుకోదు. లోపం కండరపు కట్టడంలోనే ఉంటుంది. ట్రోపోనిన్ ఒక ఘటనకు సాక్ష్యం, జన్యులోపం పుట్టుకతో వచ్చిన ఆనవాలు. రెండూ ఒకే రక్తనమూనాలో దొరుకుతాయి కాబట్టి అవి ఒకటే అన్న భ్రమ కలుగుతుంది.

విశేషమేమంటే, ఆ జన్యువు నిర్మించే ప్రొటీనే తరువాత గుండెపోటు సూచికగా పరీక్షకు వచ్చింది. మయోసిన్‌ను అంటిపెట్టుకుని ఉండే ఈ ప్రొటీన్, కండరం దెబ్బతిన్నప్పుడు ట్రోపోనిన్ కన్నా వేగంగా రక్తంలో పెరుగుతుందని 2017లో సర్క్యులేషన్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. తొలి గంటలోనే ఆసుపత్రికి చేరిన రోగికి ఈ వేగం వల్ల మేలు జరగవచ్చు. అయినా అది నాళం నుంచి వచ్చిన వార్త కాదు, కండరం నుంచి వచ్చినదే. నాచారం కార్మికుని విషయంలో మొదట చేయవలసినది నేటికీ పది నిమిషాలలోపు ఇ.సి.జి. తీయడమే.