రూకకు భోజనం నుంచి పావు బన్నీ వరకు

తెలుగువాడు డబ్బిచ్చి భోజనం చేయడం, చేసిన భోజనం ఇచ్చిన డబ్బుకు తగినదా కాదా అని తర్కించడం నిన్న మొన్నటి అలవాటు కాదు. ఓరుగల్లు నగర జీవితాన్ని కళ్ళకు కట్టించే ‘క్రీడాభిరామము’లో పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఆ రూపకంలో ఇద్దరు మిత్రులు నగరమంతా తిరుగుతూ వింతలు చూస్తారు. ఆ సందర్భంలో వచ్చే ఒక పద్యం నిండా భోజన పదార్థాలే. మేలిరకం బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇవన్నీ ఏకరువు పెట్టి, చివరికి వెల చెబుతాడు కవి: ఒక్క రూక. పదార్థాలు ముందు, వెల తరువాత. ఈనాటికీ హోటలు మెట్లు దిగుతూ మనవాళ్ళు చేసే లెక్క అదే.

ఆ లెక్క సముద్రం దాటి డర్బను నగరానికి వచ్చిన తరువాత ఏ రూపం దాల్చినదో మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నది.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో డర్బను రేవు చేరినది. 1911లో ఒప్పంద కూలీల రాక నిలిచిపోయేనాటికి నేటాలుకు వచ్చినవారు మొత్తం 1,52,184 మంది. వీరిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. మొదటి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు. తరువాత ఏటా ఒక్కొక్క షిల్లింగు పెంచేవారు. దానికి తోడు బియ్యం, పప్పు, ఉప్పు, నెయ్యి లేక నూనె, ఎండుచేపలు వంటి సామగ్రి ఇచ్చేవారు. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచిపోసిన తోటలూ ఉన్నవి. వరి అన్నం తప్ప వేరొకటి అన్నమే కాదనుకొనే మనిషికి అది ఎంత కష్టమో ఊహించవచ్చును. ఆకలి రుచి ఎరుగదని పెద్దలు అన్నారు. ఎరుగకేమి, ఎరుగును, కానీ కొలపాత్ర పరుల చేతిలో ఉన్నప్పుడు నోరు మెదపడానికి వీలుండదు.

అందువల్ల ఒప్పందం తీరిన మనిషి తన సొంత నాణెంతో తనకు నచ్చిన అంగడికి వెళ్ళి, తనకు నచ్చినది అడిగి తినడం చిన్న విషయం కాదు. ఒప్పందం ముగిసినవారు కొందరు కౌలుభూములలో కూరగాయలు పండించి బుట్టలతో నగరానికి తెచ్చి అమ్ముకొన్నారు. కొందరు నగరపాలక సంస్థలో, రైల్వేలో, కర్మాగారాలలో పనికి కుదిరినారు. అటువంటి వారికి గ్రే వీధి, విక్టోరియా వీధి ప్రాంతం నడిబొడ్డు అయినది. దుకాణాలు, సంత, మసీదు, సినిమాహాళ్ళు, వాటి మధ్య చిన్నచిన్న భోజనశాలలు. తెల్లవారి హోటళ్ళలో మనకు ప్రవేశం లేదు. 1953లో వచ్చిన ప్రత్యేక సదుపాయాల చట్టం ఆ దురాచారానికి మరింత బలమిచ్చినది. కనుక బల్ల దగ్గర కూర్చొని, మంచినీళ్ళు అడిగి తెప్పించుకొని, మర్యాదగా తినగలిగిన చోటు ఈ వీధులలోనే ఉండేది. విక్టోరియా వీధిలో పంపీ నాయుడు నడిపిన గుడ్‌విల్ లాంజ్ భోజనానికే కాక జాజ్ సంగీతానికి కూడా పేరు పొందినది. తిండి కోసం వచ్చినవారికి అక్కడ పాట కూడా దొరికినది.

ఈ వీధులలోనే 1940ల నాటికి ‘బన్నీ చౌ’ పుట్టినది. కోయని రొట్టెను సగానికో, పావుకో తెగ్గొట్టి, లోపలి మెత్తని భాగాన్ని గుంటగా తీసి, ఆ గుంటలో వేడి కూర పోసి, తీసిన ముక్కను పైన మూతలా పెట్టి ఇస్తారు. కంచం అక్కరలేదు, చెంచా అక్కరలేదు. బనియా అనే వర్తకుల పేరు మీదుగా బన్నీ అనే పేరు వచ్చినదని ఎక్కువమంది చెబుతారు. మొదట చిక్కుడు గింజలు, పప్పుల వంటి శాకాహారపు కూరలే పోసేవారని, మాంసం తరువాత వచ్చినదని కూడా వాడుక. గోల్ఫు మైదానాలలో బంతుల సంచులు మోసే కుర్రవాళ్ళు మధ్యాహ్నం పరుగున వచ్చి తినడానికి దీనిని చేసినారని ఒక కథ.

మరొక కథను మనం దాచకూడదు. ఆఫ్రికా సోదరులను లోపల బల్ల దగ్గర కూర్చోనివ్వని రోజులలో, వారికి వెనుక కిటికీ నుంచి అందించడానికి ఈ రొట్టె గిన్నె అనువుగా ఉండేదట. తెల్లవాడి హోటలు గడప దాటలేని మనవాడి అంగడిలో మరొకరు గడప బయట నిలబడవలసి వచ్చినది. చట్టం ఆ విధంగా ఉన్నదని సమాధానం చెప్పుకోవచ్చును. కాని కిటికీ బయట నిలబడినవాడు కూడా అదే నాణెం ఇచ్చినాడు. 1949 జనవరిలో ఇవే వీధులలో మొదలైన అల్లర్లలో 142 మంది మరణించినారు. వారిలో ఆఫ్రికావారు, భారతీయులు ఇద్దరూ ఉన్నారు. ఆ ఘోరానికి కారణాలు అనేకం. అయినా ఒక వీధిలో తిని ఒక వీధిలో బ్రతికినవారు ఒకరికొకరు ఎంత దూరంగా ఉండిపోయినారో అది తెలియజేసినది.

ఇక పావు బన్నీకి వెల కట్టే విద్య గురించి చెప్పవలెను. మన పెద్దలు ఈ విషయంలో గట్టివారు. మొదట రొట్టె చూస్తారు. అది ఆనాటిదే కావలెను. పైపొర గట్టిగా ఉండి పులుసును పట్టి ఉంచవలెను. అడుగు నాని చేతిలో విడిపోతే ఆ అంగడికి మార్కులు పోయినట్లే. తరువాత బంగాళాదుంప. అది పులుసులో మెత్తబడి కూరకు చిక్కదనం ఇవ్వవలెను కాని, మాంసం తక్కువైనదని కప్పిపుచ్చడానికి వేసినట్లు ఉండకూడదు. మాంసం ఎముకతో ఉంటేనే రుచి, కాని అంతా ఎముకే అయితే తగవు. పక్కన తురిమిన క్యారెట్టు, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపిన సంబలు తాజాగా ఉండవలెను. మూత ముక్కను ముందుగా పులుసులో ముంచుకొని తింటే అంగడివాని పనితనం అక్కడే తేలిపోతుంది. అన్నం ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్లు! చివరికి పర్సులోని చిల్లర గుర్తుకు వస్తుంది. డబ్బు చాలనివాడు మటన్ మాని చిక్కుడు గింజల బన్నీ అడుగుతాడు. ఆ గింజల కూరను కూడా శ్రద్ధగా వండిన అంగడే మంచి అంగడి. బీదవాని పదార్థం దగ్గర అశ్రద్ధ చేసేవాడి మటన్‌ను ఎవరు నమ్ముతారు?

1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం మన కుటుంబాలను చెల్లాచెదురు చేసినది. నగరపాలక సంస్థ పనివారు, అందులో తమిళులు, తెలుగువారు, నివసించిన మ్యాగజైన్ బారక్సు 1960లలో ఖాళీ అయి, అక్కడివారు చాట్స్‌వర్త్‌కు చేరినారు. ఫీనిక్సు తరువాత వచ్చినది. జనం వెంట బన్నీ కూడా వెళ్ళి ఆ కొత్త ఊళ్ళలో కాపురం పెట్టినది. గ్రే వీధి ఈనాడు డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి అయినది. విక్టోరియా వీధి బెర్తా ఎంఖీజె వీధి అయినది.

భారతదేశం 1946లో దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకొన్నది. దౌత్య సంబంధాలు మరల పూర్తిగా కుదిరినది 1993లో. అంతకాలం ఇక్కడి వంట తన దారిన తాను పెరిగినది. పెరటిలో కరివేపాకు, చేపల కూరలో చింతపండు, డర్బనులోనే మరపట్టిన ఎర్రని మసాలా. తరువాత తందూరీ రొట్టెలు, వెన్న కోడికూర వడ్డించే కొత్త హోటళ్ళు వచ్చినవి. మన యువకులు కొందరు వాటితో పోల్చి పావు బన్నీని మోటు తిండి అంటారు. ఇండియా చూసి వచ్చినవారు కొందరు అసలు ఇది భారతీయ వంటే కాదంటారు. ఈ రెండు మాటలూ న్యాయమైనవి కావు. హైదరాబాదు బిర్యానీకి హైదరాబాదు కొలత ఉన్నది. డర్బను రొట్టెకు డర్బను కొలత ఉన్నది. తోటలో మొక్కజొన్న పిండి కొలిపించుకొన్నవారి మనుమలు తమ చేతితో ఏర్పరచుకొన్న కొలత అది.

1931లో స్థాపించిన ఆంధ్ర మహాసభ మన భాషను నిలబెట్టడానికి శ్రమించినది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో, గౌరవించి ప్రోత్సహించవలసిన భాషలలో తెలుగు పేరు ఉన్నది. భాషకు దొరికిన ఆ గౌరవం మన వంటింటి మాటలకు కూడా దక్కవలెను. ఇంటిలో అమ్మమ్మ, నానమ్మ ఏ కూరను ఏమని పిలిచేవారో, పండుగనాడు ఏమి వండేవారో, సంత నుంచి వస్తూ తాతగారు ఏ అంగడి దగ్గర ఆగేవారో, అక్కడ ఎంత ఇచ్చేవారో అడిగి ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. ఈసారి మీ పిల్లలతో బన్నీ తినడానికి వెళ్ళినప్పుడు రొట్టె, బంగాళాదుంప, ఎముక, సంబలు ఎట్లా చూడవలెనో నేర్పండి. కిటికీ బయట నిలబడినవారి సంగతి కూడా చెప్పండి. ఆ తరువాత ఇచ్చిన డబ్బుకు తగినదా కాదా అన్న తీర్పును పిల్లలకే వదలండి.